విజువల్ ఎడిటర్‌లో పేర్లున్న ఎలిమెంట్లను ఒక ప్యానెల్ నుంచి మరో ప్యానెల్‌లోకి లాగినప్పుడు రూల్స్ తెగిపోకుండా చూడడం ఎలా?

ప్రశ్న

బ్రౌజర్‌లో నడిచే ఒక ఫారం డిజైనర్‌ను తయారు చేస్తున్నాను. ఎడమవైపు పాలెట్‌లో టెక్స్ట్ బాక్స్, బటన్, చెక్ బాక్స్, ప్యానెల్ వంటివి ఉంటాయి. మధ్యలో కాన్వాస్, కుడివైపు ప్రాపర్టీల పట్టిక ఉంటాయి. కాన్వాస్ మీదికి వచ్చిన ప్రతి ఎలిమెంట్‌కూ ఒక పేరు ఉంటుంది. ఆ పేరును మొదట ఎడిటరే పెడుతుంది. తర్వాత వాడేవారు తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. ఫారంలోని రూల్స్ అన్నీ ఈ పేర్ల మీదే నడుస్తాయి. ఉదాహరణకు “ఫోన్_నంబర్ ఖాళీగా ఉంటే పంపు_బటన్ పనిచేయకూడదు” అన్న రూల్‌లో ఆ రెండు పేర్లూ స్ట్రింగ్‌లుగానే సేవ్ అవుతున్నాయి.

ఎలిమెంట్‌ను ఒకే ప్యానెల్‌లో పైకీ కిందికీ జరిపినంతవరకు ఇబ్బంది లేదు. వేరే ప్యానెల్‌లోకి లాగినప్పుడే చిక్కు వస్తోంది. డ్రాగ్ మొదలవగానే ఎలిమెంట్ వివరాలన్నిటినీ జేసన్‌గా (డేటాను టెక్స్ట్ రూపంలో రాసే పద్ధతి) మార్చి డేటాట్రాన్స్‌ఫర్‌లో (లాగుతున్నప్పుడు డేటాను మోసుకెళ్లే బ్రౌజర్ ఆబ్జెక్ట్) పెడుతున్నాను. వదిలినచోట ఆ జేసన్ నుంచి కొత్త ఎలిమెంట్‌ను సృష్టించి, ఆ తర్వాత పాతదాన్ని తొలగిస్తున్నాను. కొత్తది పుట్టే సమయానికి పాతది ఇంకా ఉంటుంది కాబట్టి, ఒకే పేరు రెండుసార్లు రాకుండా చూసే కోడ్ దానికి ఫోన్_నంబర్1 అని పేరు పెడుతోంది. రూల్ మాత్రం ఇప్పుడు ఎక్కడా లేని ఫోన్_నంబర్ కోసమే వెతుకుతూ, ఏ ఎర్రర్ కూడా చూపకుండా పనిచేయడం మానేస్తోంది. వరుస మార్చి ముందు తొలగించి తర్వాత సృష్టిస్తే, తొలగింపును గమనించే కోడ్ ఆ రూల్‌నే చెరిపేస్తోంది.

దీనికి తోడు మరో రెండు ఇబ్బందులున్నాయి. లాగుతూ ఏదైనా ఎలిమెంట్ మీద ఉన్నప్పుడు వచ్చే డ్రాగ్‌ఓవర్ ఈవెంట్‌లో, డేటాట్రాన్స్‌ఫర్ నుంచి చదివే గెట్‌డేటా ఎప్పుడూ ఖాళీ స్ట్రింగే ఇస్తోంది. అందువల్ల లాగుతున్నది ఏ ఎలిమెంటో తెలియక, ఈ ప్యానెల్‌లో వదలనివ్వాలా వద్దా అన్నది వదిలేవరకు నిర్ణయించలేకపోతున్నాను. ప్యానెల్‌లో ప్యానెల్ ఉన్నచోట హైలైట్ అదేపనిగా వెలిగి ఆరుతోంది, పైగా ఒక్కసారి వదిలితే లోపలి ప్యానెల్‌లోనూ బయటి ప్యానెల్‌లోనూ కూడా ఎలిమెంట్ చేరుతోంది. ఈ మూడింటికీ మూలం ఒకటేనా, లేక వేర్వేరుగా చూసుకోవాలా అన్నది తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.


జవాబు

మీ మొదటి ఇబ్బందికి కారణం డ్రాగ్‌లో లేదు, ఒకే పేరుకు రెండు బాధ్యతలు అప్పగించడంలో ఉంది. “ఫోన్_నంబర్” అన్నది ఫారం రూపొందించేవారు చదువుకోవడానికి పెట్టుకున్న గుర్తు. “ఇది ఫలానా ఎలిమెంటే” అని ప్రోగ్రాం తేల్చుకోవలసిన ఆధారం కూడా ప్రస్తుతం అదే అయింది. ఈ రెండింటినీ విడదీయనంతవరకు ఈవెంట్ హ్యాండ్లర్లలో ఎన్ని మార్పులు చేసినా ఇదే సమస్య మరో రూపంలో తిరిగి వస్తుంది.

ప్రతి ఎలిమెంట్‌కూ అది పుట్టినప్పుడే ఒక లోపలి ఐడీ ఇవ్వండి. అది వాడేవారికి కనిపించనక్కరలేదు. పేరు మారినా, ప్యానెల్ మారినా, ఫైల్ సేవ్ చేసి మళ్లీ తెరిచినా అది మారకూడదు. రూల్స్‌లో పేర్లకు బదులు ఈ ఐడీలను సేవ్ చేసి, రూల్‌ను తెర మీద చూపేటప్పుడు మాత్రమే ఐడీ నుంచి పేరును తీసుకోండి. అప్పుడు వాడేవారు ఫోన్_నంబర్‌ను మొబైల్_నంబర్‌గా మార్చినా రూల్ దానంతటదే కొత్త పేరుతో కనిపిస్తుంది, దాన్ని ఎవరూ వెతికి సరిదిద్దనక్కరలేదు.

ఈ చిక్కు చాలా పాతది. 1991లో మొదటిసారి వచ్చిన విజువల్ బేసిక్‌లో బటన్‌కూ దాన్ని నొక్కినప్పుడు నడిచే కోడ్‌కూ మధ్య సంబంధం కేవలం పేరుతోనే ఉండేది. కమాండ్1 అనే బటన్‌కు కమాండ్1_క్లిక్ అనే ప్రొసీజర్ ఉండేది. కోడ్ రాసిన తర్వాత బటన్ పేరు మారిస్తే ఆ ప్రొసీజర్ ఏ బటన్‌కూ చెందని మామూలు ప్రొసీజర్‌గా మిగిలిపోయేది. గోడోట్ గేమ్ ఇంజిన్‌లో ఇదే సమస్య మరో తీరులో కనిపిస్తుంది. అక్కడ నోడ్‌ను (సీన్‌లోని ఒక్కో భాగాన్ని నోడ్ అంటారు) చేరడానికి తల్లి నోడ్ల పేర్లతో కూడిన మార్గాన్ని స్క్రిప్ట్‌లో రాస్తారు. నోడ్‌ను లాగి మరో తల్లి కింద పెడితే మార్గం మారుతుంది కానీ స్క్రిప్ట్‌లో చేత్తో రాసిన మార్గం పాతదిగానే ఉంటుంది. అందుకే సీన్ మొత్తంలో ఒక్కటిగా ఉండే పేరును శాతం గుర్తుతో పిలిచే పద్ధతిని తర్వాత అందులో చేర్చారు. మీ రూల్స్‌లో ప్యానెల్ పేరుతో కూడిన మార్గాలు ఎక్కడైనా ఉంటే వాటిని కూడా ఇప్పుడే ఐడీలుగా మార్చుకోవడం మంచిది.

ఇక జరపడం గురించి. “సృష్టించి తొలగించు” అన్నది జరపడం కాదు. మీ డేటా మోడల్‌లో (ఫారం ఎలిమెంట్లను ప్రోగ్రాం దాచుకునే చెట్టు; అందులో ఒక్కో ఎలిమెంట్ ఒక నోడ్) “ఈ ఐడీ ఉన్న నోడ్‌ను ఫలానా తల్లి కింద ఫలానా స్థానంలో పెట్టు” అనే ఆపరేషన్ ఒకటి విడిగా ఉండాలి. అది నోడ్‌ను పాత తల్లి పిల్లల జాబితా నుంచి తీసి కొత్త తల్లి జాబితాలో చేర్చుతుందే తప్ప కొత్త నోడ్‌ను పుట్టించదు. తొలగింపును గమనించే కోడ్‌కు ఇక్కడ తొలగింపు అనే సంఘటనే ఎదురుకాదు కాబట్టి రూల్స్ జోలికి అది రాదు.

ఈ ఆపరేషన్ రాసేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త అవసరం. ఒకే ప్యానెల్‌లో 2వ స్థానంలో ఉన్నదాన్ని 5వ స్థానానికి ముందు పెట్టమని వాడేవారు సూచిస్తే, ముందుగా దాన్ని జాబితా నుంచి తీయగానే వెనకవన్నీ ఒక మెట్టు ముందుకు జరుగుతాయి. అందువల్ల కిందికి జరిపేటప్పుడు గమ్యస్థానం నుంచి ఒకటి తగ్గించాలి, పైకి జరిపేటప్పుడు తగ్గించకూడదు. రెండోది, ఒక ప్యానెల్‌ను దాని లోపలే ఉన్న మరో ప్యానెల్‌లో వదలడానికి ఎవరైనా ప్రయత్నించవచ్చు. డామ్‌లో (పేజీ భాగాలను బ్రౌజర్ చెట్టులా ఉంచుకునే రూపం) నేరుగా అలా చేయబోతే బ్రౌజర్ ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది కానీ మీ మోడల్‌లో ఆపేవారు ఎవరూ ఉండరు. చెట్టు నుంచి ఆ కొమ్మ మొత్తం తెగి, తనలో తానే తిరిగే చక్రంగా మిగులుతుంది. గమ్యం నుంచి పైకి తల్లులను ఒక్కొక్కరినే చూసుకుంటూ వెళ్లి, లాగుతున్న నోడ్ ఎక్కడైనా తగిలితే వదలడాన్ని నిరాకరించండి.


మరొక జవాబు

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తూ, బ్రౌజర్ ఈవెంట్లకు సంబంధించిన మిగతా రెండు ఇబ్బందుల గురించి రాస్తున్నాను. అవి మొదటిదానితో సంబంధం లేనివే అయినా, ఐడీ వచ్చాక వాటి పరిష్కారం చాలా తేలికవుతుంది.

గెట్‌డేటా ఖాళీ స్ట్రింగ్ ఇవ్వడం బగ్ కాదు. డేటాట్రాన్స్‌ఫర్‌లో డ్రాగ్‌స్టార్ట్ సమయంలో మాత్రమే రాయగలం, డ్రాప్ సమయంలో మాత్రమే చదవగలం. మధ్యలో వచ్చే డ్రాగ్‌ఎంటర్, డ్రాగ్‌ఓవర్‌లలో ఏ రకాల డేటా ఉందో తెలుస్తుంది కానీ అందులోని విలువలు తెలియవు. ఒక పేజీ నుంచి లాగుతున్నదాన్ని దారిలో తగిలిన మరో పేజీ చదివేయకుండా ఉండడానికి ఈ కట్టుబాటు పెట్టారు. దీన్ని దాటడానికి కొందరు ఎలిమెంట్ పేరును డేటా రకం పేరులోనే ఇరికిస్తారు. అలా చేయకండి: రకం పేరులోని ఇంగ్లిష్ అక్షరాలన్నీ చిన్న అక్షరాలుగా మారిపోతాయి కాబట్టి, పెద్ద, చిన్న అక్షరాల తేడాతో మాత్రమే వేరైన రెండు పేర్లు అక్కడ ఒకటైపోతాయి.

మీ డ్రాగ్ ఒకే పేజీలో మొదలై అక్కడే ముగుస్తుంది కాబట్టి, లాగుతున్న ఎలిమెంట్ ఐడీని డ్రాగ్‌స్టార్ట్‌లో ఎడిటర్ సొంత స్టేట్‌లో పెట్టుకోవడమే సరైన పద్ధతి. డేటాట్రాన్స్‌ఫర్‌లో కూడా మీ ఎడిటర్‌కే ప్రత్యేకమైన ఒక రకం పేరుతో ఆ ఐడీని రాయండి. వచ్చినది మీ ఎలిమెంటా, లేక బయటి నుంచి ఎవరో లాగిన ఫైల్ లేదా లింకా అన్నది రకాల జాబితా చూసి తెలుసుకోవచ్చు. పాలెట్ నుంచి లాగేవాటికి ఇంకా ఐడీ ఉండదు కాబట్టి వాటికి వేరే రకం పేరు వాడండి. అవి “సృష్టించు”, కాన్వాస్ లోపలివి “జరుపు” అని ఆ తేడా మొదటి నుంచీ స్పష్టంగా ఉంటుంది.

హైలైట్ వెలిగి ఆరడానికి కారణం ఇది. మౌస్ బయటి ప్యానెల్ నుంచి దాని లోపలి పిల్ల మీదికి వెళ్లగానే ముందు పిల్లకు డ్రాగ్‌ఎంటర్, ఆ తర్వాత బయటిదానికి డ్రాగ్‌లీవ్ వస్తాయి. మౌస్ నిజానికి బయటి ప్యానెల్ హద్దులు దాటకపోయినా ఇలాగే జరుగుతుంది. ఎంటర్, లీవ్‌లను కౌంటర్‌తో లెక్కించే పద్ధతి ఒకటుంది కానీ, మధ్యలో ఒక ఎలిమెంట్ తెర మీద నుంచి తొలగిపోతే ఆ లెక్క తప్పుతుంది. నేను సిఫారసు చేసేది వేరు. ప్రతి ప్యానెల్‌కూ హ్యాండ్లర్లు పెట్టడం మానేసి, కాన్వాస్ మొత్తానికి ఒకే డ్రాగ్‌ఓవర్, ఒకే డ్రాప్ హ్యాండ్లర్ పెట్టండి. ఈవెంట్ తగిలిన ఎలిమెంట్ నుంచి పైకి వెళ్తూ, లాగుతున్నదాన్ని స్వీకరించగల మొదటి కంటెయినర్‌ను పట్టుకోండి. అది కిందటిసారి పట్టుకున్నదే అయితే ఏమీ చేయకండి, మారితేనే హైలైట్‌ను మార్చండి. హ్యాండ్లర్ ఒక్కటే కాబట్టి ఒకసారి వదిలినది రెండు ప్యానెల్‌లలో చేరే ప్రశ్నే రాదు. స్వీకరించడానికి వీలున్నప్పుడు మాత్రమే డ్రాగ్‌ఓవర్‌లో ప్రివెంట్‌డిఫాల్ట్ (బ్రౌజర్ మామూలుగా చేసే పనిని ఆపే ఫంక్షన్) పిలవండి. పిలవనిచోట వదలడం కుదరదని బ్రౌజరే కర్సర్‌తో చూపుతుంది.

ఎక్కడ చేర్చాలన్నది మౌస్ ఉన్న చోటును బట్టి తేల్చాలి. నిలువుగా పేర్చిన ప్యానెల్‌లో మామూలు ఎలిమెంట్ పై సగంలో మౌస్ ఉంటే దానికి ముందు, కింది సగంలో ఉంటే దాని తర్వాత అని తీసుకోవచ్చు. కంటెయినర్ అయితే పై పావు ముందుకు, కింది పావు తర్వాతకు, నడిమి భాగం లోపలికి కేటాయించడం మంచిది. లేకపోతే ఒకదానికొకటి ఆనుకుని ఉన్న రెండు ప్యానెల్‌ల మధ్య ఏదైనా పెట్టడం అసాధ్యమవుతుంది. అడ్డంగా పేర్చినచోట ఇదే లెక్కను ఎడమ, కుడి వైపులకు మార్చుకోవాలి. ఖాళీ ప్యానెల్‌కు ఎడిటర్‌లో కొంత కనీస ఎత్తు తప్పకుండా ఇవ్వండి, ఎత్తు లేని ప్యానెల్ మీదికి మౌస్ ఎప్పటికీ వెళ్లలేదు.

చేరబోయే స్థానాన్ని చూపడానికి అక్కడ ఖాళీ పెట్టెను చొప్పించే అలవాటు చాలా ఎడిటర్లలో ఉంది. చూడడానికి బాగుంటుంది కానీ, ఆ పెట్టె రాగానే కింది ఎలిమెంట్లన్నీ జరుగుతాయి. జరగగానే మౌస్ కింద ఉన్నది మారిపోతుంది. మారగానే స్థానం లెక్క మారి పెట్టె పాత చోటికి వెళ్తుంది. మౌస్‌ను కదపకపోయినా డ్రాగ్‌ఓవర్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఈ ఊగిసలాట ఆగదు. కాన్వాస్ పైన వేరే పొరలో ఒక సన్నని గీత గీసి, ఆ పొరకు పాయింటర్ ఈవెంట్లు తగలకుండా సీఎస్ఎస్‌లో ఆపేస్తే లేఅవుట్ కదలదు, లెక్క నిలకడగా ఉంటుంది. వదిలేవరకు మోడల్‌ను ముట్టుకోకపోవడానికి మరో కారణం కూడా ఉంది. లాగుతున్న అసలు ఎలిమెంట్ మధ్యలోనే డామ్ నుంచి తొలగిపోతే డ్రాగ్‌ఎండ్ ఈవెంట్ మీ కాన్వాస్ హ్యాండ్లర్‌కు చేరదు, దాంతో హైలైట్లు అలాగే తెర మీద ఉండిపోతాయి.


అడిగినవారి వివరణ

ఇద్దరికీ ధన్యవాదాలు. ఐడీని, పేరును విడదీయడం మొదలుపెట్టాను. ఈవెంట్లను కూడా కాన్వాస్ స్థాయికి తెస్తాను. అయితే కంట్రోల్ కీ నొక్కి లాగినప్పుడు జరపడానికి బదులు కాపీ కావాలన్నది కూడా నా అవసరాల్లో ఉంది. ఒక్క ఎలిమెంట్‌కు అది సులభమే. ఎలిమెంట్లూ, వాటి మధ్య రూల్స్ ఉన్న ప్యానెల్ మొత్తాన్ని కాపీ చేస్తే, కాపీలోని రూల్స్ పాత ఎలిమెంట్లను చూడాలా, కొత్తవాటినా? అలాగే అన్‌డూను ఎక్కడ కలపాలి? పేర్లతోనే సేవ్ అయిన పాత ఫైళ్లను ఏం చేయాలి?


జవాబు

మొదట జవాబు రాసినది నేనే. కాపీ విషయం నిజంగా లోతైనది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ప్యానెల్‌ను కాపీ చేసేటప్పుడు లోపలి నోడ్లన్నిటికీ కొత్త ఐడీలు ఇస్తూ, ఏ పాత ఐడీకి ఏ కొత్త ఐడీ వచ్చిందో ఒక పట్టికలో రాసుకోండి. తర్వాత కాపీ అయిన రూల్స్‌లోని ప్రతి ఐడీని ఆ పట్టికలో వెతకండి. దొరికితే కొత్తదానితో మార్చండి, దొరకకపోతే ఉన్నది ఉన్నట్టు వదిలేయండి. దీని ఫలితం వాడేవారు సహజంగా ఊహించేదానితో సరిపోతుంది. చిరునామా_ప్యానెల్ లోపలి “వేరే_చిరునామా చెక్ బాక్స్ టిక్ చేస్తేనే వీధి_పేరు కనిపించాలి” అన్న రూల్ కాపీలో కొత్త చెక్ బాక్స్‌కూ కొత్త టెక్స్ట్ బాక్స్‌కూ వర్తిస్తుంది. అదే ప్యానెల్‌లోని ఒక ఎలిమెంట్ బయట ఉన్న దేశం_జాబితా మీద ఆధారపడి ఉంటే, కాపీ కూడా అదే దేశం_జాబితాను చూస్తుంది. ప్యానెల్ బయట ఉండి లోపలివాటిని చూసే రూల్స్‌ను మాత్రం కాపీ చేయకండి. పంపు_బటన్ పనిచేయడానికి పాత ఫోన్_నంబర్‌తో పాటు కొత్తది కూడా నిండాలా అన్నది ఫారం రూపొందించేవారు నిర్ణయించుకోవలసిన విషయం, దాన్ని ఎడిటర్ ఊహించి చేయకూడదు.

కాపీలకు కొత్త పేర్లు కావాలి. పేరు చివర అంకెలుంటే వాటిని తీసేసి, మిగిలిన మూలానికి 2 నుంచి మొదలుపెట్టి ఖాళీగా ఉన్న మొదటి అంకెను చేర్చడం సరిపోతుంది. లేకపోతే కాపీకి కాపీ చేసినప్పుడు ఫోన్_నంబర్22 వంటివి పుట్టుకొస్తాయి. జరపడంలో మాత్రం పేరును ఎట్టి పరిస్థితిలోనూ మార్చకండి. మీ ఫారం మొత్తానికీ పేర్ల పరిధి ఒక్కటే అయితే జరపడం వల్ల పేర్లు ఢీకొనే అవకాశమే లేదు.

పేర్లను పోల్చేటప్పుడు తెలుగులో టైప్ చేసేవారికి ఎదురయ్యే ఇబ్బంది ఒకటి గుర్తుంచుకోండి. “ఫోన్” తర్వాత మరో పదాన్ని కలిపి టైప్ చేసేటప్పుడు పొల్లు నిలవడానికి కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ చేరుతుంది, కొన్ని కీబోర్డులు దాన్ని తమంతట తామే పెడతాయి. ఆ అక్షరం పేరు చివర మిగిలిపోతే, తెర మీద అచ్చంగా ఒకేలా కనిపించే రెండు పేర్లు ప్రోగ్రాంకు వేర్వేరుగా ఉంటాయి. ఐత్వం గుర్తును కూడా యూనికోడ్‌లో ఒకే కోడ్‌గానూ రాయవచ్చు, రెండు కోడ్‌లుగానూ రాయవచ్చు. ఈ ఐత్వం తేడాను ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ఒకే అక్షరాన్ని వేర్వేరు కోడ్‌లతో రాసిన రూపాలను ఒకటి చేసే పద్ధతి) సరిచేస్తుంది కానీ ఆ కనిపించని అక్షరాన్ని ముట్టుకోదు. అందువల్ల పోలిక కోసం నార్మలైజ్ చేసి, ఆ కనిపించని అక్షరాన్ని తీసేసిన రూపాన్ని వాడండి. చూపడానికి మాత్రం వాడేవారు టైప్ చేసినదాన్నే ఉంచండి, ఎందుకంటే పేరు మధ్యలో ఆ అక్షరాన్ని తీసేస్తే పొల్లు పోయి ఒత్తు వచ్చేస్తుంది.

అన్‌డూ విషయంలో, ఒకసారి వదలడం ఒకే కమాండ్ కావాలి. జరపడానికి ఐడీ, పాత తల్లి, పాత స్థానం, కొత్త తల్లి, కొత్త స్థానం సేవ్ చేస్తే చాలు. కాపీకి మాత్రం కొత్తగా ఇచ్చిన ఐడీలను కూడా కమాండ్‌లోనే దాచుకోవాలి. అన్‌డూ తర్వాత రీడూ చేసినప్పుడు మళ్లీ కొత్త ఐడీలు పుట్టిస్తే, ఆ కాపీ మీద తర్వాత చేసిన మార్పుల కమాండ్లు లేని ఐడీలను వెతుకుతాయి.

పాత ఫైళ్లను తెరిచేటప్పుడు ఒకసారి అన్ని నోడ్లకూ ఐడీలు ఇచ్చి, రూల్స్‌లోని పేర్లను ఐడీలుగా మార్చి, కొత్త వెర్షన్ సంఖ్యతో సేవ్ చేయండి. ఏ ఎలిమెంట్‌కూ చెందని పేరు దొరికితే ఆ రూల్‌ను తొలగించకుండా, పేరును అలాగే ఉంచి ప్రాపర్టీల పట్టికలో ఎర్రగా చూపండి. మీరు చెప్పిన బగ్ వల్ల తెగిపోయిన రూల్స్ చాలావరకు అప్పుడే బయటపడతాయి, ఫారం రూపొందించినవారే వాటిని సరైన ఎలిమెంట్‌కు కలుపుకోగలుగుతారు.


మరొక జవాబు

మౌస్ లేనివారి గురించి కూడా రాయడం అవసరమనిపించి ఇది చేరుస్తున్నాను. వెబ్ అందరికీ అందుబాటులో ఉండడానికి పెట్టిన ప్రమాణాల్లో, 2023 అక్టోబరులో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.2లోని 2.5.7వ నిబంధన ప్రకారం, లాగి చేసే ప్రతి పనినీ లాగకుండా నొక్కడం ద్వారా కూడా చేయగలగాలి. లాగడం తప్పనిసరి అయినచోట దానికి మినహాయింపు ఉంది, ఫారం డిజైనర్ ఆ మినహాయింపులోకి రాదు. కీబోర్డుతో అన్నీ చేయగలగాలన్న నిబంధన అంతకుముందు నుంచే ఉంది. ప్రాపర్టీల పట్టికలో “పైకి”, “కిందికి” బటన్లనూ, గమ్యాన్ని పేరుతో ఎంచుకునే “ఈ ప్యానెల్‌లోకి జరుపు” జాబితానూ పెడితే రెండూ నెరవేరుతాయి. పేర్లు చదవడానికి వీలుగా ఉండడం ఎంత అవసరమో ఈ జాబితాలోనే తెలుస్తుంది: ప్యానెల్7, ప్యానెల్12 అని వినిపించే స్క్రీన్ రీడర్‌తో సరైన గమ్యాన్ని ఎంచుకోవడం చాలా కష్టం.

టచ్ స్క్రీన్లలో బ్రౌజర్ సొంత డ్రాగ్ ఈవెంట్ల మీద నమ్మకం పెట్టుకోలేం. టాబ్లెట్లలో కూడా పనిచేయాలంటే పాయింటర్ ఈవెంట్లతో లాగడాన్ని మీరే రాసుకోవాలి. అప్పుడు పాయింటర్‌ను ఒక ఎలిమెంట్‌కు కట్టేస్తే ఈవెంట్లన్నీ దానికే వస్తాయి కాబట్టి, కింద ఏముందో ఎలిమెంట్‌ఫ్రంపాయింట్‌తో అడిగి తెలుసుకోవాలి. పట్టుకునే గుర్తు మీద సీఎస్ఎస్‌లో టచ్-యాక్షన్‌ను నన్ అని పెట్టకపోతే, లాగడం మొదలైన కాసేపటికే బ్రౌజర్ దాన్ని స్క్రోల్‌గా తీసుకుని, లాగడం రద్దయిందని తెలిపే పాయింటర్‌క్యాన్సల్ పంపుతుంది.

మౌస్, టచ్, కీబోర్డు మూడూ చివరికి పైన చెప్పిన ఒకే “జరుపు” కమాండ్‌ను పిలవాలి. రియాక్ట్ వంటి జావాస్క్రిప్ట్ లైబ్రరీ వాడుతుంటే, నోడ్ వేరే తల్లి కిందికి వెళ్లినప్పుడు దాన్ని గుర్తించే కీ విలువ అదే అయినా అది పాత డామ్ ఎలిమెంట్‌ను తీసేసి కొత్తదాన్ని పెడుతుంది కాబట్టి కీబోర్డు ఫోకస్ పోతుంది. కమాండ్ పూర్తయి తెర మారిన తర్వాత, అదే ఐడీతో ఎలిమెంట్‌ను మళ్లీ వెతికి ఫోకస్‌ను దాని మీదికి తీసుకురండి.